గూడు ఎక్కడో రాయకూడదు

ఆ ఆఫీసులో ఒక నియమం ఉంది. పక్షి గూడుగానీ, జంతువు పిల్లల్ని పెట్టుకున్న గుహగానీ ఫోటోలో పడితే అది ఏ ఊరి దగ్గరో, ఏ కొండ పక్కనో పత్రికలో రాయకూడదు. వెనకాల గుర్తుపట్టగల వంతెనో టవరో ఉంటే దాన్నీ తుడిచెయ్యాలి. నియమం ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు ఒక గుడ్లగూబ తొర్రని, అందులోంచి తొంగిచూస్తున్న పిల్లల్ని, ఊరి పేరుతో సహా అచ్చేశారు. పుస్తకం బజార్లోకి వచ్చిందో లేదో, ఎవడో నిచ్చెన వేసుకుని ఎక్కి తొర్ర ఖాళీ చేసుకుపోయాడు. ఆ కబురు విని పత్రిక నడిపే పెద్దాయన తన గదిలో తలుపేసుకుని ఏడ్చాడని చెప్పుకుంటారు. ఏడ్చే ఉంటాడు. పిట్టల కోసం ఏడవగలిగిన మనిషే ఆయన.

అది ప్రపంచం నలుమూలల నుంచీ ఫోటోలు తెచ్చి వేసే మాసపత్రిక. మంచుకొండ అంచున చిరుత, గులాబీరంగు ఉప్పుమడులు, తెల్లారుజామున వల లాగుతున్న జాలర్లు, పైపు మీద నడిచి వాగు దాటే పిల్లలు, గనిలోంచి పైకొచ్చి ముఖం కడుక్కుంటున్న మనిషి. కొన్నవాళ్ళు పేజీ తిప్పి "అబ్బా" అనుకుంటారు. ఆ "అబ్బా" కోసమే అక్కడ అందరూ జీతాలు తీసుకునేది.

ఫోటోకి ఆ "అబ్బా" తెప్పించే చేతులు మాత్రం ఒక్కరివే. కిటికీకి నల్లపరదా వేసిన మూలగదిలో, కంప్యూటర్ ముందు కూర్చుని, వెలుగు తగ్గినచోట పెంచి, పెరిగినచోట తగ్గించి, అక్కర్లేనిది తుడిచి, ఫోటోని అచ్చుకి సిద్ధం చేసే ఆవిడ. అందరూ ఆమెని మెరుగమ్మ అంటారు. దేన్నీ ఉన్నది ఉన్నట్టు వదిలిపెట్టదని ఆ పేరు. గోడ మీద క్యాలెండర్ వంకరగా కనిపిస్తే నడుస్తూ నడుస్తూనే సరిచేసి పోతుంది. పక్కవాళ్ళ బల్ల మీద పూలగ్లాసు నీడలో ఉంటే వెలుగులోకి జరుపుతుంది. ఆవిడ ఎదురుగా ముఖం కడుక్కోకుండా కూర్చోకండి, అక్కడికక్కడే దిద్దేస్తుందని ఫోటోల కింద వాక్యాలు రాసే రాతలాయన కొత్తవాళ్ళని హెచ్చరిస్తుంటాడు. ఆమె కూడా అందరితో పాటు నవ్వేస్తుంది.

ఆ రోజు మాత్రం నవ్వలేదు.

ఆ రోజు పొద్దున డేగ వచ్చాడు. డేగంటే పక్షి కాదు, ఆ పత్రికకి ఎక్కువ ఫోటోలు తీసిపెట్టే మనిషి. ముక్కూ చూపూ అలాగే ఉంటాయి. చెట్టెక్కమంటే ఎక్కుతాడు, బురదలో పడుకోమంటే పడుకుంటాడు, ఒక పిట్ట రెక్క విప్పే క్షణం కోసం తిండీ నిద్రా మానేసి కళ్ళలో వత్తులేసుకుని కూర్చుంటాడు. అంత ఓపికున్న మనిషికి ఎదుటివాళ్ళ పేరేమిటని అడగడానికి మాత్రం ఎప్పుడూ తీరిక దొరకదు.

పొడుగుబల్ల మీద ఆ నెల ఫోటోలు పరిచాడు. మళ్ళీ ఒక గుడ్లగూబ తొర్ర దొరికింది, పిల్లలతో సహా. పెద్దాయన వంగి దాన్ని చూసి పసిపిల్లాడిలా మురిసిపోయాడు. అట్ట మీదకి ఇదే అన్నాడు. తర్వాత ఎండిన చెరువు, తర్వాత గుర్రానికి నాడా కొడుతున్న ముసలాయన. ఆ తర్వాతది చూసేసరికి మెరుగమ్మ బల్ల మీదకి వంగింది.

ఒక పెద్ద డాబా. తాళ్ళ నిండా తెల్లదుప్పట్లు గాలికి తెరచాపల్లా ఉబ్బి ఉన్నాయి. కిందెక్కడి నుంచో ఆవిరి లేస్తోంది. ఆ తెలుపు మధ్య ఒక ఆడమనిషి తడిదుప్పటిని రెండు చేతులా పైకెత్తి తాడు మీద వేస్తూ, తల తిప్పి, ఎగిరిపోతున్న పావురాల్ని చూస్తోంది. పెదాలు కొంచెం విడి ఉన్నాయి, నవ్వబోతున్నట్టు. వెనకాల నీళ్ళ ట్యాంకు మీద లాండ్రీ పేరు అక్షరం అక్షరం చదువుకోవచ్చు.

అది మెరుగమ్మ అక్క.

అక్క ఎక్కడుందో లోకంలో మెరుగమ్మ ఒక్కదానికే తెలుసు. కన్నతల్లికి కూడా చెప్పలేదు. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. చెప్పకపోవడానికి కారణం బావ. బావకి ఊళ్ళో చెడ్డపేరు లేదు, అదే అసలు తంటా. కళ్ళజోళ్ళ షాపు నడుపుతాడు. గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. ఒక రోజు షాపులో ఎవరో చెప్పిన జోకుకి అక్క గట్టిగా నవ్వింది. ఇంటికొచ్చాక, అంత నెమ్మదిగానూ, తలుపు గడియ పెట్టి, ఆమె కుడి మణికట్టు మెలిపెట్టాడు, ఎముక విరిగిన చప్పుడు వినిపించేదాకా. డాక్టరు దగ్గర మెట్ల మీద జారిపడిందని చెప్పింది ఆయనే. ఎముక అతుక్కుందిగానీ వంకరగా అతుక్కుంది. అక్క ఒకసారి పారిపోయింది, వెతికి పట్టుకొచ్చాడు. ఇంకోసారి పారిపోయింది, మళ్ళీ పట్టుకొచ్చాడు. రెండుసార్లూ బంధువులే ఆచూకీ చెప్పారు, పాపం మంచివాడు, అంత ఏడుస్తున్నాడు కదా అని. ఈసారి పట్టుకుంటే ఏం చేస్తాడో కూడా చెప్పాడు, చెవి దగ్గర నోరు పెట్టి, ముద్దుచేస్తున్నంత మెత్తగా.

ఇప్పటికీ అప్పుడప్పుడు మెరుగమ్మ ఇంటికి వస్తాడు. సోఫా అంచున కూర్చుంటాడు. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి తన అత్తగారి, అంటే మెరుగమ్మ వాళ్ళమ్మ కళ్ళజోడు బిగిస్తాడు. మీ అక్క ఏమన్నా ఫోన్ చేసిందా అమ్మా అని అడుగుతాడు. వెళ్తూ వెళ్తూ, కొత్త పుస్తకం వచ్చిందా అని కూడా అడుగుతాడు. ఎందుకంటే ఆ పత్రిక ప్రతి నెలా ఆయన షాపు బల్ల మీద ఉండాల్సిందే. మా మరదలి చేతిపని అని అందరికీ చూపిస్తాడు. కొత్త కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళ చేత ఫోటోల కింద చిన్న అక్షరాలు చదివిస్తాడు. అవి కనిపిస్తే అద్దం సరిపోయినట్టే. ఆ షాపులో పొద్దున్నించి సాయంత్రం దాకా ఎవరో ఒకరు ఆ పత్రికలో ఊళ్ళ పేర్లు పైకి చదువుతూనే ఉంటారు.

మెరుగమ్మ దుప్పట్ల ఫోటో అంత బాగా లేదంది. మసకగా ఉంది, ఆవిరి ఎక్కువైంది, లోపలి పేజీలకి కూడా ఆనదు అంది. డేగ ఒంటికాలి మీద లేచాడు. ఆ డాబా మీద పొద్దెక్కేదాకా నిలబడి తీశానన్నాడు. పెద్దాయన ఇద్దరి మధ్యా చెయ్యి అడ్డంపెట్టి, నీ చేతిలో పడితే మసక ఎంతసేపమ్మా, కొంచెం చూడు, లోపల అరచేయంత వేద్దాం అన్నాడు. అయిపోయింది. ఇంకేమన్నా మాట్లాడితే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్తే ఆఫీసు మొత్తానికి తెలుస్తుంది. తెలిసిన నోళ్ళు పెరిగేకొద్దీ అక్క ఎలా దొరుకుతుందో ఆమె రెండుసార్లు చూసింది.

మూలగదిలో తలుపేసుకుని ఫోటో తెరిచింది. చెడగొడదామనే కూర్చుంది, ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. ముందు ట్యాంకు మీద పేరు తుడిచేసింది. తర్వాత ముఖం. నవ్వబోతున్న ఆ పెదాల్ని, చెంప మీద పుట్టుమచ్చని, కొంచెం కొంచెంగా చీకట్లోకి నెట్టింది. ముఖం నల్లబడ్డాక మెడ తెల్లగా, అతికినట్టు కనిపించింది. మెడనీ దించింది. ఒళ్ళంతా నల్లనీడ అయ్యాక వెనక దుప్పట్లు పాలిపోయి కనిపించాయి. అలా వదిలేసి లేవాల్సింది. చెయ్యి వదిలితేగా. ఇన్నేళ్ళుగా మెరుగుపెట్టడం తప్ప ఇంకోటి నేర్వని చెయ్యి అది. దుప్పట్లకి కొంచెం వెలుగు పోసింది. ఆవిరి ఎండలో బంగారంలా లేచింది. పావురాల రెక్కల అంచులు మెరిశాయి. పైకెత్తిన రెండు చేతులూ ఆ వెలుగు మీద కత్తిరించి పెట్టినట్టు నిలబడ్డాయి. అక్క మాయమైంది. ముఖం లేని ఒక ఆకారం, ఎవరైనా కావచ్చు. మెరుగమ్మ ఊపిరి పీల్చుకుంది.

అప్పుడే పెద్దాయన తలుపు తోసుకుని వచ్చి ఆమె భుజం మీదుగా చూశాడు. తెర దగ్గరికి ముఖం పెట్టి మళ్ళీ చూశాడు. తర్వాత "అబ్బా" అన్నాడు.

గుడ్లగూబని లోపలికి తోసి, ఈ నెల అట్ట మీద ఇదే అన్నాడు.

చూశారుగా. దాచబోయి నెత్తిన పెట్టుకుంది. అరచేయంత వేసి ఊరుకోవాల్సిన ఫోటో, ప్రతి బస్టాండు కొట్లో దండెం మీద వేలాడబోతోంది.

ముఖం లేదు కదా అని తనకి తనే సర్దిచెప్పుకుని రాతలాయన దగ్గరికి పోయింది. ఆయన అప్పటికే అట్టకి వాక్యం రాసేశాడు. అక్కడి పద్ధతి ఇది. చిరుతపులైతే ఆడదో మగదో రాస్తారు, వయసు రాస్తారు, అడవి కాపలావాళ్ళు దానికి పెట్టుకున్న ముద్దుపేరు కూడా రాస్తారు. మనిషైతే "ఒక శ్రామిక మహిళ". అంతే. పులికి ఉన్నపాటి పేరు మనిషికి ఉండదు. ఊరి పేరు మాత్రం నిక్షేపంలా ఉంటుంది. పేరు అడగనివాళ్ళు ఊరెందుకు మర్చిపోరో, ఇన్నేళ్ళుగా అడుగుతున్నా నాకు ఒక్కడూ జవాబు చెప్పలేదు.

ఊరి పేరు తీసెయ్యమని అడిగింది. వాక్యం పొడుగైందనో, అందంగా లేదనో ఏదో సాకు చెప్పింది. రాతలాయన కళ్ళజోడు మీదుగా చూసి నవ్వాడు.

"అది గూడు కాదుగా మెరుగమ్మా. ఊరు లేకపోతే డేగ నన్ను పొడుచుకు తింటాడు."

మధ్యాహ్నానికి అట్ట ప్రూఫు వచ్చింది. మనిషి ఎత్తున అచ్చేసి హాల్లో గోడకి అంటించారు. పనులు ఆపి అందరూ గుమిగూడారు. అకౌంట్స్ ఆవిడ చెంపలకి చేతులు పెట్టుకుంది. డేగ ఛాతీ రెండింతలైంది. ఆయన ముందుకొచ్చి, ఆ ఆకారం పైకెత్తిన కుడిచేతి మీద వేలు పెట్టి గీతలా పోనిచ్చాడు.

"ఇది చూడండి, ఈ చెయ్యి. ఇక్కడ ఎలా తిరిగిందో చూడండి. నాట్యం చేస్తున్నట్టు లేదూ?"

మెరుగమ్మ అప్పుడు చూసింది.

పొద్దున్నించి ఆ చేతిని వెలుగులోకి లాగిందే తను. అంచు దిద్దిందీ తనే. ముఖం దాచాలన్న ధ్యాసలో చేతిని ఒక గీతలా చూసింది. బాగుందనుకుంది కూడా. మణికట్టు దగ్గర ఆ విరుపు, బయటికి తిరిగిన ఆ అరచెయ్యి, వెనక బంగారపు వెలుగు మీద నల్లగా, ఇంత పెద్దగా. లోకంలో అందరికీ అది నాట్యం. ఒక్క మనిషికి మాత్రం కాదు. ఆ వంకర పెట్టినవాడికి అది తన చేతిరాతంత గుర్తు. ముఖం ఉండి ఉంటే ముఖం చూసేవాడు. ముఖం లేదు కాబట్టి చెయ్యే చూస్తాడు. పైగా పక్కనే ఊరి పేరు.

గుంపులోంచి ఒక అడుగు ముందుకేసింది.

"ఇది వెయ్యకూడదు" అంది.

పెద్దాయన ఏమైందమ్మా అన్నాడు.

"గూడు. ఊరు రాయకూడదు, ఫోటో వెయ్యకూడదు."

కొందరు నవ్వారు. డేగ చుట్టూ చూస్తూ, దుప్పట్ల మధ్య మెరుగమ్మకి గుడ్లగూబ కనిపించినట్టుందన్నాడు. ఇంకా నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. చిన్నపిల్లకి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు.

"ఆ నియమం ఎందుకు పెట్టుకున్నాం? వేటగాడొస్తాడని. ఈవిడ కోసం ఎవరొస్తారమ్మా?"

"మా బావ" అంది మెరుగమ్మ.

ఆ తర్వాత నోరు దానంతటదే తెరుచుకుంది. అది మా అక్క అంది. గోడ దగ్గరికి పోయి ఆ మణికట్టు మీద చెయ్యి పెట్టి, ఇది నాట్యం కాదు అంది. ఎలా విరిగిందో చెప్పింది, ఏ నవ్వు కోసం విరిగిందో చెప్పింది, షాపు బల్ల మీద ఈ పుస్తకం ఎందుకుంటుందో, చిన్న అక్షరాలు అక్కడ ఎవరెవరు ఎలా చదువుతారో చెప్పింది. గొంతు పెంచలేదు. అకౌంట్స్ ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయింది. రాతలాయన తన బల్ల దగ్గరికి పోయి వాక్యం కొట్టేశాడు.

డేగ ఊరుకోలేదు. ఊరుకుంటే డేగ ఎందుకవుతాడు. పాపమే, కాదనను, కానీ ఇలాంటిది జీవితంలో మళ్ళీ దొరకదన్నాడు. ఊరి పేరు ఎలాగూ పోయిందిగా అన్నాడు. అంతగా అయితే ఆ చెయ్యి సరిచేసెయ్, నీకది ఎంత పని, అన్నాడు.

ఎంత పనీ కాదు. ఆ మాట వినగానే ఆమె వేళ్ళు కదిలాయి, అది నిజం. టీ చల్లారేలోపు ఆ ఎముకని తిన్నగా చెయ్యగలదు. ఏ డాక్టరూ చెయ్యలేని పని. అక్క చెయ్యి మళ్ళీ పాత చెయ్యి అవుతుంది, బొమ్మలో. ఒక్క క్షణం ఆశ పుట్టింది కూడా.

"చెయ్యను" అంది. "విరిచిన దాన్ని విరవలేదన్నట్టు దిద్దడానికి నేను మా బావనా?"

పెద్దాయన లేచి, గోడ మీద ప్రూఫుని తనే ఊడదీశాడు. మడతలు పెట్టి, ముక్కలు చేసి, చెత్తబుట్టలో వెయ్యకుండా చంకలో పెట్టుకున్నాడు. గుడ్లగూబని తెచ్చి అట్ట మీద పెట్టమన్నాడు. అక్కడితో అయిపోతే ఇది చెప్పుకోవాల్సిన కథే కాదు.

డేగ ముఖం పాలిపోయింది. ఏదో చెప్పబోయి ఆగాడు. పెద్దాయన ఏంటని గద్దిస్తే అప్పుడు బయటపెట్టాడు. అసలు ఫోటో, మెరుగమ్మ చెయ్యి పడనిది, ముఖంతో, ట్యాంకు మీద పేరుతో, ఆఫీసుకి తేకముందే తన సొంత పేజీలో పెట్టుకున్నాడు, నెట్లో. జనానికి తెగ నచ్చిందట. ఎవరెవరో తీసుకుని తమ పేజీల్లో కూడా పెట్టుకున్నారట. చెప్తూనే ఫోన్ తీసి అందరి ముందూ దాన్ని తీసేశాడు. తీసేముందు వేలు ఒక్క క్షణం తటపటాయించింది. మెరుగమ్మ ఆ తటపటాయింపు చూసింది. ఇప్పటికీ ఆమె డేగని క్షమించనిది పెట్టినందుకు కాదు, ఆ క్షణానికి.

సెలవు కూడా అడక్కుండా సంచీ తీసుకుని అక్క ఉన్న ఊరికి బస్సెక్కింది.

లాండ్రీ ఉన్నది ఆ ఊరి బస్టాండుకి వెనక వీధిలో. ఆస్పత్రులవీ హోటళ్ళవీ దుప్పట్లు అక్కడికే వస్తాయి. లోపల మనిషి దూరేంత పెద్ద డ్రమ్ములు గుడగుడమని తిరుగుతుంటాయి. ఆవిరికి గోడలు చెమట కారుస్తుంటాయి. ఇస్త్రీబల్లల దగ్గర ఆడవాళ్ళు వరసగా నిలబడి, ఒకళ్ళ మీద ఒకళ్ళు జోకులేసుకుంటూ, చేతులు మాత్రం ఆపకుండా పనిచేస్తారు. వాళ్ళకి పెద్ద, అందరూ పెద్దమ్మ అని పిలిచే ఒక లావుపాటి ఆవిడ. గేటు పక్క కుర్చీ ఆవిడదే. ఆమెని దాటకుండా దుప్పటైనా లోపలికి పోదు.

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి, చెల్లెలి ముఖం చూడగానే అర్థం చేసుకుంది.

"తెలిసిపోయిందా?"

తెలిసిందో లేదో తెలీదని, తెలిసే దారి మాత్రం తెరుచుకుందని మెరుగమ్మ చెప్పింది. బట్టలు సర్దుకో, ఇంకో ఊరు పోదాం, ఇల్లు నేను చూస్తాను, ఇప్పుడే బయల్దేరదాం అంది. తన గదిలో చెడగొడదామని కూర్చుని అట్టకెక్కించిన సంగతి కూడా దాచలేదు. అక్క అవేవీ విననట్టు, ఏదీ, ఫోటో చూపించు అంది.

మెరుగమ్మ ఫోన్లో చూపించింది, తన చెయ్యి పడకముందుది. అక్క తడివేళ్ళతో దాన్ని దగ్గరికి తీసుకుంది. ఇంట్లోంచి వచ్చేశాక ఆమె ఫోటో ఎవరూ తీయలేదు, తీయించుకోలేదు. ఇస్త్రీబల్లల ఆడవాళ్ళు కూడా భుజాల మీదుగా తొంగిచూశారు. ఒకామె, అబ్బో మన దుప్పట్లకి ఎంత రాజసం అంది. ఇంకొకామె, మనిషికి లేదా అంది. అక్క నవ్వలేదు.

"పావురాల ఫోటోలు తీసుకుంటానన్నాడే వాడు. డాబా మీదికి రానిమ్మన్నాడు. ఎండెక్కింది, అలిసిపోయుంటాడని నేనే మంచినీళ్ళిచ్చాను. నన్ను తీస్తున్నానని ఒక్క మాట అనలేదు."

తర్వాత నెమ్మదిగా, "బాగున్నానే" అంది. బాగున్నందుకు ఒళ్ళు మండినట్టు అంది.

మెరుగమ్మ మళ్ళీ బయల్దేరదాం అంది. అక్క ఫోన్ చేతిలోనే పెట్టుకుని ఇస్త్రీబల్లకి ఆనుకుంది. ఇక్కడ తన చేతికింద మడత నేర్చుకున్నవాళ్ళున్నారని, వంకరచేత్తో ఎలా ఇస్త్రీ చెయ్యాలో తనే ఒక పద్ధతి కనిపెట్టుకుందని, నలుగురితో కలిసి నవ్వడం మళ్ళీ అలవాటైందని చెప్పింది. ఇంకో ఊరు పోతే అక్కడ ఇంకోడు ఇంకో పిట్టని తీసుకోడానికి వస్తాడంది.

"నేను పావురాన్నా, చప్పుడైతే ఎగిరిపోడానికి? పోను."

"వస్తాడక్కా."

"రానీ. వస్తే వీళ్ళకి తెలియాలి కదా ఎవరో. వాడు అందరికీ నా ఫోటో చూపించి వెతికాడు ఇన్నాళ్ళూ. వాడి ఫోటో నేను ఎవరికీ చూపించలేదు. సిగ్గుపడి. నాకెందుకే సిగ్గు?"

నీ దగ్గర వాడిదుందా అని అడిగింది. మెరుగమ్మ ఫోన్లో ఒకటుంది, అక్క పెళ్ళినాటిది. అందులో బావ ముఖం మీద పక్కవాళ్ళ నీడ పడింది. ఆ నీడలోంచి చూస్తే ఎవరికైనా మంచివాడిలాగే ఉంటాడు. పెద్దమ్మ గేటు దగ్గర్నించి లేచొచ్చి, కళ్ళు చికిలించి చూసి, ఇందులో ఏం తెలుస్తుంది, బూజులో బొమ్మలాగుంది అంది.

"నువ్వు దిద్దుతావుగా" అంది అక్క చెల్లెలితో. "దిద్దు."

మెరుగమ్మ అక్కడే, దుప్పట్ల మూట మీద కూర్చుని, వేలితో ఆ నీడని కొంచెం కొంచెంగా పైకి లాగడం మొదలుపెట్టింది. నుదురు తేలింది. ముక్కు తేలింది. అప్పుడు ఫోన్ మోగింది. తెర మీద బావ ముఖం పోయి, బావ పేరు వచ్చింది.

ఎత్తకపోతే అనుమానం, ఎత్తితే భయం. ఎత్తింది. డ్రమ్ముల హోరు దాటి ఆ మెత్తని గొంతు అక్కదాకా వినిపించింది. అక్క ఎడంచెయ్యి పోయి కుడి మణికట్టుని పట్టుకుంది, ఎవరూ చెప్పకుండానే.

ఏమ్మా బాగున్నావా అని, అత్తగారి కళ్ళజోడు ఎలా ఉందని అడిగాడు. ఈ నెల పుస్తకం ఇంకా రాలేదేంటి అన్నాడు.

"అట్ట మీద ఏం వేస్తున్నారమ్మా ఈసారి?"

"గుడ్లగూబ, బావా."

"ఎక్కడిది?"

మెరుగమ్మ అక్కనే చూస్తోంది.

"గూడు ఎక్కడో మేం రాయం, బావా."

అవతల చిన్నగా నవ్వాడు. మంచి పద్ధతి అన్నాడు. తర్వాత కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. వింటున్నాడు.

"అదేంటమ్మా ఆ చప్పుడు? ఆఫీసులో లేవా?"

"ప్రెస్సులో ఉన్నాను. మిషన్లు" అంది. సరే అమ్మా, జాగ్రత్త అని పెట్టేశాడు. ఆ జాగ్రత్త ఎప్పుడూ అనేదేనో, ఇవాళ్టిదో ఎవరు చెప్పగలరు. నమ్మాడో, అప్పటికే ఏ బస్సులోనో ఉండి చేశాడో కూడా తెలీదు.

ఇస్త్రీలు ఆగిపోయాయి. ఆడవాళ్ళు ఒక్కొక్కళ్ళే వచ్చి మూట చుట్టూ నిలబడ్డారు. గొంతేమో తేనెలాగుందే అని ఒకామె గొణిగింది. పెద్దమ్మ పోయి తన కుర్చీని గేటుకి అడ్డంగా జరుపుకుని, అక్కడి నుంచే చెయ్యి చాపింది, ఆ ఫోటో ముందు నాకివ్వండి అన్నట్టు.

ఫోన్ తెర మీద సగం తేలిన ముఖం మళ్ళీ వచ్చింది. మెరుగమ్మ వేలు ఆడటం లేదు. అక్క వచ్చి పక్కన కూర్చుంది. మణికట్టు వదిలేసింది. ఆ వంకరచేత్తోనే ఫోన్ అంచు పట్టుకుని తన వైపు వంచుకుని చూసింది.

"ఇంకొంచెం వెలుగు పెట్టు" అంది. "కళ్ళు కనిపించాలి."